జవాబు, పూచీ: ఓరుగల్లు పత్తి చేలలో బహుళజాతి విత్తన సంస్థల బాధ్యత (1998–2018)

వ్యాససంగ్రహం

నేటి జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు 2016 వరకు ప్రధానంగా పాత వరంగల్ జిల్లాలో భాగాలు. 1998 నుంచి 2018 వరకు ఈ ప్రాంతపు పత్తి సాగు, ఒక బహుళజాతి విత్తన సంస్థ మాతృదేశంలోనూ ఆతిథేయ దేశంలోనూ ఎదుర్కొన్న ఒత్తిళ్లకు ఎలా స్పందించిందో తెలుసుకోవడానికి మంచి ఆధారం. ఒకే విత్తన పొట్లానికి ఉన్న రెండు కొసలను, అంటే విత్తనం తయారైన మహబూబ్‌నగర్, కర్నూలు చేలను, అది నాటిన వరంగల్ చేలను పక్కపక్కన పెట్టి చూస్తే, మొదటి కొసలోని అన్యాయానికి ఐరోపాలో వేదికలు దొరికాయనీ, రెండవ కొసలోని నష్టం జిల్లా కార్యాలయం, రాష్ట్ర ప్రభుత్వం దాటి పోలేదనీ తెలుస్తుంది. ఈ తేడాకు కారణాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలక పదాలు: బీటీ పత్తి, వరంగల్, జవాబుదారీ, పూచీ, మాతృదేశం, ఆతిథేయ దేశం, లైసెన్సు రుసుము.

ఉపోద్ఘాతం

తెలుగులో బాధ్యతను చెప్పే మాటల్లో రెండింటిని ఇక్కడ ప్రత్యేకంగా గుర్తు చేసుకోవాలి. ‘జవాబుదారీ’ ఉరుదూ పాలనాభాష ద్వారా మనకు చేరిన మాట. అడిగినవారికి సమాధానం చెప్పవలసిన స్థితి అని దాని అర్థం. ‘పూచీ’ అలా కాదు. అప్పు తీసుకున్నవాడు చెల్లించకపోతే నేను చెల్లిస్తానని నిలబడేవాడు పూచీదారు. జవాబు మాటతో తీరుతుంది. పూచీ సొమ్ముతోగాని తీరదు. బహుళజాతి సంస్థల బాధ్యతను గురించి ఇటీవలి తెలుగు రచనల్లో ‘జవాబుదారీతనం’ అన్న ఒక్క మాటే అన్ని అర్థాల్లోనూ వాడుకలో ఉంది. ఈ రెండు మాటల మధ్య ఉన్న దూరాన్ని గమనిస్తే ఓరుగల్లు పత్తి చరిత్రలో ఒక ముఖ్యమైన అంశం స్పష్టపడుతుంది. సంస్థ అనేక సందర్భాల్లో జవాబు చెప్పింది. పూచీ మాత్రం పడలేదు. జవాబు కూడా ఎక్కువగా ఓరుగల్లు రైతుకు కాక, మరెక్కడో ఉన్న మరొకరికి చెప్పింది.

ఇక్కడ ‘మాతృదేశం’ అంటే సంస్థ ప్రధాన కార్యాలయం, వాటాదారులు ఉన్న దేశం. ‘ఆతిథేయ దేశం’ అంటే అది వ్యాపారం చేసే దేశం. జన్యుమార్పిడి సాంకేతికత మంచిదా చెడ్డదా అన్నది ఈ వ్యాసం విచారించే విషయం కాదు. ఆ చర్చలో వచ్చిన పరస్పర విరుద్ధ అధ్యయనాలను బాధ్యతా ప్రశ్నకు అవసరమైనంత మేరకే ప్రస్తావిస్తాను.

1. నేల, పంట, అప్పు

జనగామ వైపు ఎక్కువగా చల్క నేలలు. వాన తక్కువ, చెరువులపైనా బోరుబావులపైనా ఆధారం. పరకాల నుంచి భూపాలపల్లి వైపు వెళ్తే రేగడి కనిపిస్తుంది. మహబూబాబాద్‌లో పత్తితోపాటు మిరప. జొన్న, పెసర, కంది వంటి మెట్టపంటలు ప్రధానంగా ఉన్న ఈ నేలల్లో 1980ల నుంచి పత్తి వేగంగా వ్యాపించింది. కోస్తా జిల్లాల నుంచి వచ్చి స్థిరపడిన రైతుల సాగు పద్ధతి, వరంగల్ ఏనుమాముల మార్కెట్టు, ఊరూరా వెలసిన విత్తనాలు, పురుగుమందుల దుకాణాలు ఈ వ్యాప్తికి తోడ్పడ్డాయి. దుకాణదారు విత్తనం, ఎరువు, మందు ఉద్దెరకు ఇచ్చేవాడు. పంట వచ్చాక దాన్ని తానే కొనేవాడు, లేదా తనకు తెలిసిన అడ్తికి పంపించేవాడు. రైతుకు సలహా, సరుకు, అప్పు ఒకే మనిషి దగ్గర దొరికాయి. ఉద్దెర బేరంలో రశీదు సాధారణంగా ఉండేది కాదు. తరువాతి కాలంలో నష్టపరిహారపు వివాదాలు వచ్చినప్పుడు ఈ రశీదు లేకపోవడమే రైతుకు పెద్ద అడ్డంకి అయింది.

1997–98 పంటకాలంలో అకాల వర్షాలు, లద్దె పురుగు, శనగపచ్చ పురుగు ఉధృతి, పనిచేయని పురుగుమందులు, అధిక వడ్డీల అప్పులు ఒకేసారి కలిసి వచ్చాయి. వరంగల్ జిల్లాలో పత్తి రైతుల ఆత్మహత్యలు దేశమంతటా వార్త అయ్యాయి. పురుగు కోసం కొన్న మందునే తాగి చనిపోయినవారు అందులో అనేకులు. ఆ విపత్తుకు ఎవరు బాధ్యులన్న ప్రశ్న అప్పటికే చాలా పలుచగా పరుచుకొని ఉంది. మందు తయారీదారు డీలరును చూపాడు, డీలరు వాతావరణాన్ని చూపాడు, ప్రభుత్వం రైతు అత్యాశను కూడా ఒక కారణంగా చెప్పింది. పురుగును తానే ఎదుర్కొంటుందన్న కొత్త విత్తనం అదే సంవత్సరం ఈ చర్చలోకి ప్రవేశించింది.

2. మొదటి జవాబు: 1998–1999

అమెరికాలోని సెయింట్ లూయిస్ కేంద్రంగా ఉన్న మోన్‌శాంటో, జాల్నాలో 1964లో బద్రీనారాయణ్ బర్వాలే స్థాపించిన మహికో కంపెనీలో 1998లో 26 శాతం వాటా కొన్నది. ఇద్దరూ చెరిసగం భాగస్వాములుగా మహికో మోన్‌శాంటో బయోటెక్ ఏర్పడింది. అదే సంవత్సరం కేంద్ర ప్రభుత్వ అనుమతితో పలు రాష్ట్రాల్లో బీటీ పత్తి క్షేత్రప్రయోగాలు జరిగాయి. నవంబరులో కర్ణాటక రాజ్య రైతు సంఘం, ఎం.డి. నంజుండస్వామి నాయకత్వంలో, రాయచూరు ప్రాంతంలోని ప్రయోగ క్షేత్రాలను తగులబెట్టింది. ఆత్మహత్యల గాయం ఆరని వరంగల్‌లో ఈ వార్తకు సహజంగానే ప్రతిధ్వని వచ్చింది.

ఆనాటి భయానికి కేంద్రబిందువు ‘టెర్మినేటర్’. పంట గింజ మళ్లీ మొలకెత్తకుండా చేసే పద్ధతికి 1998 మార్చిలో డెల్టా అండ్ పైన్ ల్యాండ్ కంపెనీకీ అమెరికా వ్యవసాయ శాఖకూ కలిపి పేటెంటు లభించింది. ఆ కంపెనీని కొనడానికి మోన్‌శాంటో అప్పుడు ప్రయత్నిస్తోంది. మన చేలలో ప్రయోగించిన బీటీ పత్తిలో ఆ పద్ధతి లేదు. అయినా రెండూ ఒకే సంస్థ పేరుతో వినిపించడం వల్ల ప్రజల్లో రెండూ ఒకటేనన్న భావన బలపడింది. ఐరోపాలోనూ ఆసియాలోనూ వ్యతిరేకత పెరిగాక 1999 అక్టోబరులో సంస్థ అధిపతి రాబర్ట్ షపీరో, గొడ్డు విత్తనాల పద్ధతిని వాణిజ్యపరంగా ప్రవేశపెట్టబోమని బహిరంగ లేఖలో ప్రకటించాడు. ఆ లేఖ న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ అధ్యక్షుడు గోర్డన్ కాన్‌వేను ఉద్దేశించి రాసినది.

ఈ సంఘటన తరువాతి రెండు దశాబ్దాలకు నమూనా వంటిది. ఆందోళన ఆతిథేయ దేశపు చేలల్లోనూ జరిగింది. జవాబు మాత్రం పెట్టుబడిదారులు, శాస్త్రసంస్థలు, పత్రికలు ఉన్న చోట వెలువడింది. అది నిజమైన ఉపసంహరణే, దాని విలువను తగ్గించనక్కరలేదు. అయితే అది భవిష్యత్తులో ఏం చేయబోమన్న మాట. జరిగిన నష్టానికి పూచీ పడవలసిన సందర్భం అప్పటికి రాలేదు. ఆ సందర్భం 2002లో వచ్చింది.

3. నాటిన కొస: 2002–2005

2002 మార్చి 26న కేంద్ర జన్యు సాంకేతిక ఆమోద కమిటీ మెక్-12, మెక్-162, మెక్-184 అనే మూడు మహికో సంకరాలకు మూడేళ్ల అనుమతి ఇచ్చింది. 450 గ్రాముల బీటీ విత్తనంతోపాటు, చుట్టూ ఆశ్రయపంటగా వేయడానికి బీటీ కాని విత్తనపు చిన్న పొట్లం కూడా ఇచ్చేవారు. ధర సుమారు 1,600 రూపాయలు. బీటీ కాని సంకర విత్తనం దానిలో మూడోవంతు కంటే తక్కువకే దొరికేది.

ఆ ఖరీఫ్‌లో వానలు సరిగా పడలేదు. చల్క నేలల్లో వర్షాధారంగా నాటినచోట ఫలితాలు నిరాశపరిచాయి. వ్యవసాయ శాఖ మాజీ అధికారి అబ్దుల్ ఖయ్యూం, కిరణ్ సఖరి వరంగల్ జిల్లాపై చేసిన అధ్యయనం 2003లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ద్వారా వెలువడింది. బీటీ వేసిన రైతులకు వేయనివారికంటే ఎక్కువ ఖర్చు, తక్కువ ఆదాయం వచ్చాయని ఆ అధ్యయనం చెప్పింది. కంపెనీ తాను చేయించిన మార్కెట్ సర్వేలను చూపి దిగుబడి పెరిగిందన్నది. బీటీ సాంకేతికతకు అనుకూలుడిగా పేరున్న ఆర్థికవేత్త మాటిన్ కైమ్, సహపరిశోధకులతో కలిసి 2006లో ప్రచురించిన వ్యాసంలో, 2002లో ఇతర రాష్ట్రాల్లో సగటున లాభం కనిపించినా ఆంధ్రప్రదేశ్‌లో బీటీ రైతులు నష్టపోయారని అంగీకరించాడు. అంటే ఆ మొదటి సంవత్సరపు స్థానిక నష్టం విషయంలో ఇరుపక్షాల అధ్యయనాల మధ్య బయటికి కనిపించినంత దూరం లేదు.

ఈ నష్టానికి ఆతిథేయ దేశంలో రెండు రకాల ప్రతిస్పందనలు వచ్చాయి. మొదటిది ఒప్పందపత్రం. రాష్ట్ర ప్రభుత్వం విత్తన కంపెనీలచేత అవగాహన ఒప్పందాలపై సంతకాలు చేయించింది. విత్తనం మాట నిలుపుకోకపోతే జిల్లా స్థాయి కమిటీ విచారించి పరిహారం నిర్ణయిస్తుంది. ‘పూచీ’ అన్న మాటకు అతి దగ్గరగా వచ్చిన పాలనాప్రయత్నం ఇదే. 2004 ఖరీఫ్ తర్వాత వరంగల్‌లో కమిటీ రైతులకు పరిహారం ఇవ్వాలని సిఫారసు చేసింది. కంపెనీ దానితో విభేదించింది. కారణాలు చెప్పింది, సర్వేలు చూపింది, అంటే జవాబు చెప్పింది. సొమ్ము చెల్లించే దగ్గర వివాదం సాగింది.

రెండవది అనుమతి నిరాకరణ. 2005 మేలో కేంద్ర కమిటీ ఆ మూడు సంకరాలకు ఆంధ్రప్రదేశ్‌లో అనుమతిని పొడిగించలేదు. రాష్ట్ర ప్రభుత్వం కూడా మహికో అమ్మకాలను నిలిపివేసింది. పైకి చూస్తే ఇది ఆతిథేయ ప్రభుత్వం సాధించిన గట్టి విజయం. కానీ అదే సమయానికి రాసి కంపెనీ ఆర్‌సీహెచ్-2, నూజివీడు వారి బన్నీ, మల్లిక వంటి సంకరాలు బీటీ రూపంలో అనుమతి పొందాయి. వాటిలో ఉన్నదీ మోన్‌శాంటో జన్యువే. ఆ పొట్లాల మీదా లైసెన్సు రుసుము వెళ్లేది మహికో మోన్‌శాంటోకే. శిక్ష పడినది భాగస్వామి పేరు మీద ఉన్న మూడు సంకరాలకు. జన్యువు మరుసటి ఖరీఫ్‌లో మరో పేరుతో అదే దుకాణానికి వచ్చింది. వరంగల్ పల్లెల్లో క్షేత్రపరిశోధన చేసిన మానవశాస్త్రవేత్త గ్లెన్ డేవిస్ స్టోన్ 2007లో ప్రచురించిన వ్యాసంలో, రైతులు ఒక బ్రాండు నుంచి మరో బ్రాండుకు గుంపులుగా మారిపోవడాన్ని వివరించాడు. విత్తనాన్ని తన పొలంలో పరీక్షించి తెలుసుకునే నేర్పు, పేర్లు ఏటేటా మారే మార్కెట్టులో నిలవలేకపోయిందన్నది ఆయన వాదన. దీనికి మరొక పార్శ్వం కూడా ఉంది. పేరు మారుతూ ఉంటే ఫిర్యాదు చేయవలసిన చిరునామా కూడా మారుతూ ఉంటుంది.

2006లో మరో వివాదం. నేటి జనగామ జిల్లాలోని స్టేషన్ ఘనపూర్ ప్రాంతపు ఇప్పగూడెం సహా కొన్ని ఊళ్లలో, పత్తి ఏరిన చేలలో మేసిన గొర్రెలు చనిపోయాయని గొల్ల కురుమలు ఫిర్యాదు చేశారు. కేంద్ర నియంత్రణ సంస్థ బీటీ విషమే కారణమనడానికి ఆధారం లేదన్నది. కారణం ఏదైనా, కాపరుల వైపు నుంచి చూస్తే ప్రశ్న ఇది: కారణాన్ని నిరూపించవలసిన భారం ఎవరిది? ప్రయోగశాల, నమూనా, నిపుణుడు ఉన్నది సంస్థ వైపూ ప్రభుత్వం వైపూ. చచ్చిన గొర్రె ఉన్నది కాపరి వైపు.

4. ధర వివాదం: మాతృదేశమే కొలబద్ద

పంట నష్టం విషయంలో చిక్కని సంస్థ, ధర విషయంలో చిక్కింది. 2006 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గుత్తాధిపత్య, నిర్బంధ వాణిజ్య విధానాల కమిషన్‌ను ఆశ్రయించింది. పొట్లం ధరలో పెద్ద భాగం, సుమారు 1,250 రూపాయలు, జన్యువు రుసుముగా పోతోందనీ, అదే జన్యువుకు అమెరికాలోనూ చైనాలోనూ వసూలు చేసేది దీనిలో చిన్న భాగమేననీ వాదించింది. ఆ సంవత్సరం మే 11న కమిషన్ రుసుము తగ్గించాలని మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. రాష్ట్ర ప్రభుత్వం 450 గ్రాముల పొట్లానికి 750 రూపాయల గరిష్ఠ ధర నిర్ణయించింది. 2007లో పత్తి విత్తనాల సరఫరా, ధరలపై ప్రత్యేక చట్టం చేసింది.

ఇక్కడి వాదనా పద్ధతిని గమనించాలి. ఆతిథేయ దేశపు వేదికలో నిలబడి, రాష్ట్రం సంస్థ మాతృదేశపు ధరనే కొలబద్దగా చూపింది. ‘మీ రైతు దగ్గర తీసుకోనిది మా రైతు దగ్గర ఎలా తీసుకుంటారు?’ అన్నది ఆ వాదన సారాంశం. ధర అంకె. రెండు దేశాల అంకెలను పక్కపక్కన పెట్టవచ్చు. అందుకే అది గెలిచింది. పంట నష్టాన్ని అలా పక్కపక్కన పెట్టడం సాధ్యం కాదు. వాన, నేల, పురుగు, సాగుతీరు అన్నీ అందులో కలిసి ఉంటాయి.

5. తయారైన కొస: చేలల్లో పిల్లలు

వరంగల్ దుకాణంలో అమ్మిన సంకర విత్తనం ఎక్కడో ఒకచోట తయారు కావాలి. ఆ కాలంలో ముఖ్యమైన చోటు కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల ‘సీడ్ పత్తి’ చేలు. సంకర పత్తి విత్తనానికి ప్రతి మొగ్గలోని పుంకేసరాలను చేత్తో తీసివేసి, మరుసటి ఉదయం మరో రకపు పుప్పొడిని చేత్తో అంటించాలి. రైతులు దీన్ని క్రాసింగ్ అంటారు. నెలల తరబడి రోజూ సాగే ఈ పనిలో ఎక్కువగా ఉన్నది పిల్లలు, అందులోనూ ఆడపిల్లలు. వారి తల్లిదండ్రులకు ముందుగా అప్పు ఇచ్చి పిల్లల శ్రమను కట్టుబడి చేసుకొనేవారు. కంపెనీ నేరుగా రైతుతో కాక సీడ్ ఆర్గనైజరు ద్వారా ఒప్పందం చేసుకొనేది.

పరిశోధకుడు దావులూరి వెంకటేశ్వర్లు ఈ విషయంపై 2001 నుంచి వరుసగా నివేదికలు రాశారు. నెదర్లాండ్స్‌లోని ఇండియా కమిటీ కోసం 2003లో ఆయన రాసిన నివేదిక మోన్‌శాంటో, బేయర్, యూనీలీవర్, సింజెంటా వంటి సంస్థల పేర్లను సూటిగా పేర్కొంది. దాని ప్రభావం వేగంగా కనిపించింది. 2004 అక్టోబరులో జర్మన్‌వాచ్, బేయర్ సంస్థపై నిఘా ఉంచే జర్మన్ పౌర సంఘం, బాలకార్మిక వ్యవస్థ వ్యతిరేక గ్లోబల్ మార్చ్ కలిసి, ధనిక దేశాల ఆర్థిక సహకార సంస్థ మార్గదర్శకాల కింద జర్మనీ ప్రభుత్వ విభాగానికి బేయర్‌పై ఫిర్యాదు చేశాయి. మోన్‌శాంటో విషయంలో నార్వే ప్రభుత్వ పింఛను నిధి నైతిక మండలి 2006లో, ఆ కంపెనీ వాటాలను నిధి నుంచి తొలగించాలని సిఫారసు చేసింది. కారణం భారతదేశపు పత్తి విత్తన చేలల్లోని బాలశ్రమ. నార్వే ఆర్థిక శాఖ వెంటనే తొలగించకుండా, వాటాదారుగా ఉంటూ ఒత్తిడి తెచ్చే మార్గాన్ని ఎంచుకుంది.

‘ఆ చేలు మావి కావు, రైతులవి’ అన్నది సంస్థల తొలి సమాధానం. అది నిలవలేదు. మొదటి విత్తనం ఇచ్చేది, నాణ్యత తనిఖీ చేసేది, మొత్తం పంటను కొనేది, ధర నిర్ణయించేది కంపెనీయే అయినప్పుడు పొలం రైతుదన్న మాటకు బలం లేదు. తరువాత ఎం. వెంకటరంగయ్య ఫౌండేషన్ వంటి సంస్థలతో కలిసి కంపెనీలు కార్యాచరణ ప్రణాళిక ఒప్పుకున్నాయి. పిల్లలను పెట్టుకోని రైతుకు అదనపు ధర, పెట్టుకున్నవారికి హెచ్చరిక, ఒప్పందపు రద్దు, చేలలో ఆకస్మిక తనిఖీ మొదలయ్యాయి. వెంకటేశ్వర్లు, లూసియా ద కోర్టా 2005లో రాసిన నివేదిక అసలు మూలాన్ని చూపింది. కంపెనీ చెల్లించే కొనుగోలు ధరలో పెద్దల కూలీ గిట్టదు, కాబట్టి ధర పెరగకుండా బాలశ్రమ పోదు. ఇది మళ్లీ సొమ్ము ప్రశ్న, అంటే పూచీ ప్రశ్న. సంస్థలు ఇక్కడ కొంతమేరకు సొమ్ముతోనూ స్పందించాయి. బహుళజాతి సంస్థల చేలలో పిల్లల సంఖ్య తగ్గింది. విత్తన సాగు ఇతర రాష్ట్రాలకు, చిన్న కంపెనీలకు విస్తరించడంతో సమస్య అంతం కాలేదని తరువాతి నివేదికలు చెప్పాయి. అయినా నాటిన కొసతో పోలిస్తే ఈ కొసలో ఫలితం కనిపించింది.

6. ఎందుకీ తేడా?

ఒకే పొట్లం, ఒకే కాలం, ఒకే రాష్ట్రం. ఒక కొసలోని అన్యాయం ఓస్లో వరకు వినిపించింది. మరో కొసలోని నష్టం వరంగల్ కలెక్టరేటు, హైదరాబాదు సచివాలయం, ఢిల్లీ కమిటీల మధ్య తిరిగింది. దీనికి మూడు కారణాలు కనిపిస్తాయి.

మొదటిది, తప్పు అన్న గుర్తింపు. బాలశ్రమ ఐరోపా సమాజానికి తన సొంత చరిత్రలో తాను ఖండించిన తప్పు. అక్కడి చదువరికి వివరణ అక్కరలేదు. చల్క నేలలో వర్షాధారపు పత్తి ఎండిపోవడం తప్పుగా కాక దురదృష్టంగా కనిపిస్తుంది. విత్తనం ఆ నేలకు తగినదా అని ముందే చెప్పవలసిన బాధ్యత అమ్మినవారిదన్న మాట అందులో మరుగున పడుతుంది.

రెండవది, సంబంధపు రూపం. సీడ్ చేలో సంస్థ కొనుగోలుదారు. కొనేవాడిపై మాతృదేశపు వినియోగదారుడు, వాటాదారుడు ఒత్తిడి తేవచ్చు. వరంగల్‌లో సంస్థ అమ్మకందారు, అదీ నేరుగా కాదు. జన్యువు యజమాని, దానిలో భాగస్వామి, లైసెన్సు తీసుకున్న కంపెనీ, డిస్ట్రిబ్యూటరు, డీలరు, చివరికి ఉద్దెర ఖాతా. లైసెన్సు తీసుకున్న భారతీయ కంపెనీలు కాలక్రమంలో నలభై దాటాయి. రుసుము ఈ మెట్లన్నీ ఎక్కి పైకి చేరింది. నష్టం వచ్చినప్పుడు బాధ్యత అవే మెట్లు దిగి డీలరు దగ్గర, చాలాసార్లు రైతు దగ్గరే ఆగిపోయింది. 2010లో గుజరాత్‌లో గులాబీ రంగు పురుగు మొదటి తరం బీటీని తట్టుకుంటోందని మోన్‌శాంటో స్వయంగా ప్రకటించినప్పుడు కూడా, ఆశ్రయపంట వేయకపోవడం, అనుమతి లేని విత్తనం కారణాలుగా చెప్పింది. ఆ చిన్న పొట్లం ఎందుకో రైతుకు చెప్పవలసింది ఎవరన్నది ఆ వివరణలో లేదు.

మూడవది, న్యాయవేదిక. భోపాల్ దుర్ఘటన బాధితుల వ్యాజ్యాలను 1986లో న్యూయార్క్ న్యాయమూర్తి జాన్ కీనన్ భారతదేశానికి పంపించాడు. నష్టం జరిగిన చోటే న్యాయం వెతకాలన్న ఆ సూత్రం వినడానికి సబబుగా ఉంటుంది. 1989లో 47 కోట్ల డాలర్ల రాజీతో ఆ వ్యాజ్యం ముగిసిన తీరు, ఆతిథేయ వేదిక ఎంత బలహీనమైనదో చూపింది. మన చట్టాల్లో పూచీకి తగిన నిబంధనలు లేకపోలేదు. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టంలోని 39(2) నిబంధన ప్రకారం, నమోదైన రకం చెప్పినంత ఫలితం ఇవ్వకపోతే రైతు పరిహారం కోరవచ్చు. 2012లో సుప్రీంకోర్టు, ఆంధ్రప్రదేశ్ రైతుల వ్యాజ్యంలోనే, విత్తనం కొన్న రైతు వినియోగదారుడేననీ, విత్తనమంతా నాటేసిన రైతును నమూనా తెమ్మని అడగడం సరికాదనీ తీర్పు చెప్పింది. అయితే ఈ మార్గాలన్నీ ఒక్కొక్క రైతు ఒంటరిగా నడవవలసినవి. నడవడానికి మొదట కావలసినది రశీదు.

7. అనుమతి లేని విత్తనం, ఆచూకీ లేని బాధ్యత

2016 మార్చిలో కేంద్రం బీటీ-2 పొట్లం ధరను 800 రూపాయలకు, జన్యువు రుసుమును 49 రూపాయలకు తగ్గించింది. ఆ సంవత్సరమే మోన్‌శాంటో, కలుపు మందును తట్టుకొనే కొత్త పత్తికి పెట్టుకున్న దరఖాస్తును వెనక్కి తీసుకుంది. ఆతిథేయ దేశపు ఒత్తిడికి సంస్థ ఇచ్చే జవాబుల్లో ఉపసంహరణ కూడా ఒకటి. కానీ దరఖాస్తు వెళ్లిపోయినా జన్యువు వెళ్లలేదు. 2017 నాటికి కలుపు మందును తట్టుకొనే పత్తి అనుమతి లేకుండానే తెలంగాణ, ఆంధ్ర చేలల్లో ఉన్నట్టు తేలింది. పల్లెల్లో దాన్ని బీటీ-3 అంటారు. రాష్ట్ర ప్రభుత్వం విత్తన నేరాలను ముందస్తు నిర్బంధ చట్టం కిందికి తెచ్చింది. శిక్ష లూజు విత్తనం అమ్మే చిన్న వ్యాపారి వరకు చేరింది. పొలంలో ఆ పంటతోపాటు వచ్చింది గ్లైఫోసేట్.

2018 ఈ కథలో ఒక కూడలి. జూన్‌లో బేయర్ మోన్‌శాంటోను కొనడం పూర్తయింది, అంటే మాతృదేశం అమెరికా నుంచి జర్మనీకి మారింది. అదే సంవత్సరం తెలంగాణ ప్రభుత్వం గ్లైఫోసేట్ అమ్మకంపై ఆంక్షలు పెట్టింది. ఆగస్టులో శాన్‌ఫ్రాన్సిస్కో జ్యూరీ, ఆ మందు పిచికారీ చేసి క్యాన్సరు పాలయ్యానన్న ఒక పాఠశాల తోటమాలికి 28.9 కోట్ల డాలర్లు చెల్లించాలని తీర్పు చెప్పింది. పై కోర్టులు ఆ మొత్తాన్ని తగ్గించాయి. 2020లో బేయర్ అమెరికా వ్యాజ్యాల రాజీకి వెయ్యి కోట్ల డాలర్లకు పైగా కేటాయించింది. మందు క్యాన్సరు కారకమా అన్నదానిపై నియంత్రణ సంస్థల మధ్య భేదాభిప్రాయం ఉంది. సంస్థ తప్పు ఒప్పుకోలేదు. అయినా అక్కడ వివాదం చివరికి సొమ్ముతో తీరింది. అదే మందును వీపున ట్యాంకు తగిలించుకొని భూపాలపల్లి పత్తి చేలో కొట్టే కూలీకి అటువంటి వేదిక లేదు. అతను కొట్టిన పంటకు అనుమతి లేదు కాబట్టి, ఆ వాడకం సంస్థ లెక్కల్లోనే ఉండదు.

ముగింపు

మాతృదేశపు ఒత్తిడి, ఆతిథేయ దేశపు ఒత్తిడి ఒకదానికొకటి తోడై సంస్థను బాధ్యత వైపు నెడతాయని సాధారణంగా అనుకుంటాం. ఓరుగల్లు అనుభవం దానికి ఒక సవరణ చెబుతోంది. ఒత్తిళ్లు కలవలేదు, విషయాల వారీగా విడిపోయాయి. బాలశ్రమ ఐరోపా వేదికలకు, ధర రాష్ట్ర ప్రభుత్వానికి, మందు వల్ల రోగం అమెరికా కోర్టులకు వెళ్లాయి. చల్క నేలలో ఎండిన పంట మాత్రం జిల్లా కమిటీ దగ్గర మిగిలింది. సంస్థ ఒక్కొక్క వేదికలో ఆ వేదిక అడిగిన దానికి జవాబు చెప్పింది.

2023 నుంచి అమలులో ఉన్న జర్మనీ సరఫరా గొలుసు చట్టం ఈ విభజనను మరింత స్పష్టం చేస్తుంది. తన సరుకు తయారీలో మానవ హక్కుల ఉల్లంఘన లేకుండా చూడవలసిన బాధ్యతను అది కంపెనీలపై పెట్టింది. క్రాసింగ్ చేసే ఆడపిల్ల దాని చూపులోకి వస్తుంది. అదే విత్తనం కొని నష్టపోయిన జనగామ రైతు రాడు, ఎందుకంటే అతను సరఫరాదారు కాదు, కొనుగోలుదారు. అతని కోసం పూచీ పడవలసిన నిబంధన ఆతిథేయ దేశంలోనే రావాలి. 2002 తర్వాత ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రాయించుకున్న ఒప్పందపత్రానికి చరిత్రలో ఉన్న ప్రాముఖ్యం ఇక్కడే ఉంది. అందులో సంతకం చేయవలసినది పొట్లం మీద పేరున్న కంపెనీ ఒక్కటే కాదు, ఆ పొట్లం మీద రుసుము తీసుకునే సంస్థ కూడా. ఆ రెండో సంతకం లేకపోవడమే ఆ ప్రయత్నపు లోపం. రుసుము ఎంత దూరం వెళ్తుందో పూచీ కూడా అంత దూరం వెళ్లాలన్న సూత్రాన్ని ఏ విత్తన చట్టమైనా స్వీకరించినప్పుడే, ఏనుమాముల తోవలో పత్తి బండి తోలే రైతు అడిగే ప్రశ్నకు ఒక చిరునామా దొరుకుతుంది.